అహోబిలంలో కొత్తవాడెవరు?

పదో తరగతిలో చారిత్రక నవల గురించి చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "మన ఆళ్లగడ్డ పక్క కథతో అట్లాంటిది ఒక్కటన్నా ఉందా సార్?" అని అడిగాడు. నోరి నరసింహశాస్త్రి గారి 'మల్లారెడ్డి' పేరు చెప్పి తప్పించుకోబోయాను. అది ఎఱ్ఱాప్రగడ కాలపు రెడ్డిరాజ్యం కథ. అహోబిలం కొండకు మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి, నృసింహపురాణం రాసిన ఎఱ్ఱన మనకు బంధువులే గాని, ఆ నవల మన గడ్డ మీద నడవదు. పిల్లవాడికి ఆ మాట చెప్పకుండా పాఠం ముగించాను. నంద్యాలకు తిరిగి వచ్చే బస్సులో మాత్రం ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

పింగళి సూరన కళాపూర్ణోదయం అంకితమిచ్చింది నంద్యాల కృష్ణరాజుకు. పురాణాన్నో ఇతిహాసాన్నో ఆశ్రయించకుండా పూర్తిగా కల్పించిన కథను పదహారో శతాబ్దంలో కావ్యంగా విన్న ఊరు ఇది. అటువంటి ఊరికి ముప్పై క్రోసుల లోపు ఒక గొప్ప చారిత్రక నవలకు కావలసిన సరుకంతా పడి ఉంది. నల్లమల అంచున ఒక కొండ. ఆ కొండ మీద ముందునుంచీ ఉన్న వేటజాతి. ఎక్కడో దక్షిణాన పుట్టి ఇరవై ఏళ్ల వయసులో అక్కడికి చేరిన ఒక యువకుడు. అతని వెనుక వచ్చి స్థిరపడిన శిష్యులు, అర్చకులు, వంటవాళ్లు, దాతలు. వాళ్ల దేవుడికి, ఆ కొండపిల్లకు జరిగిన పెళ్లి. ఇంతకన్న ఏం కావాలి?

సంప్రదాయం చెప్పే ప్రకారం ఆ యువకుడి పేరు శ్రీనివాసాచార్యులు. కన్నడ దేశంలోని తిరునారాయణపురంలో, అంటే మేల్కోటలో, 1379లో పుట్టాడు. నరసింహస్వామి కలలో కనిపించి పిలిస్తే అహోబిలం వచ్చాడు. వృద్ధ యతి రూపంలో వచ్చిన స్వామి చేతనే సన్న్యాసం పొందాడు. ఆదివణ్ శఠకోప యతి అయ్యాడు. 1398లో అహోబిల మఠం ఏర్పడింది. నవ నరసింహుల్లో ఒకరైన మాలోలుని ఉత్సవమూర్తిని వెంట పెట్టుకుని ఊరూరా సంచరించమని ఆయనకు ఆజ్ఞ అయింది. మఠాధిపతులు ఈనాటికీ ఆ మూర్తితోనే సంచారం చేస్తారు.

ఈ తేదీలతో అందరూ ఏకీభవించరు. అల్లసాని పెద్దన మనుచరిత్ర మొదట్లో తన గురువు శఠకోప యతిని కొలిచాడు. పెద్దన పదహారో శతాబ్దపు కవి. 1379లో పుట్టినవాడు ఆయనకు గురువు కాజాలడు. తాళ్లపాక చిన్నన్న తన తాత అన్నమయ్య చరిత్ర రాస్తూ, ఆయన అహోబిలంలో శఠకోప ముని దగ్గర వేదాంతం నేర్చుకున్నాడని చెప్పాడు. అన్నమయ్యకు పదిహేనో శతాబ్దం గనుక అక్కడ లెక్క కుదురుతుంది. మఠాధిపతులందరి పేర్లకూ ముందు 'శ్రీవణ్ శఠకోప' అని ఉంటుంది గనుక ఏ శఠకోపుడు ఎవరన్నది పండితులకు ఎడతెగని పని. ఇంకో కథ ఉంది: కాకతీయ ప్రతాపరుద్రుడు రుద్రవరంలో విడిది చేసి బంగారంతో శివుణ్ణి పోత పోయిస్తే నరసింహుడు వచ్చాడట, ఆ విగ్రహాన్ని జియ్యరుకు ఇచ్చాడట. ప్రతాపరుద్రుడు పోయింది 1323లో. అప్పటికి మఠమే లేదు! మఠానికి తన కంటె పాత రాజు ఒకడు దాతగా కావలసివచ్చాడు. కథ ఎవరి అవసరం కోసం పుట్టిందో తేదీల తప్పే బయట పెడుతుంది.

అయితే నవలాకారుడికి ఈ తేదీల గొడవ అడ్డు కాదు. అతనికి కావలసింది ఒక్కటే: ఒక కాలంలో ఈ కొండ మీద ఒక మతసమాజం కొత్తగా వచ్చి కాలు మోపింది. వచ్చినవాళ్ల పుస్తకాల భాష సంస్కృతం, తమిళం. కొండ మీద ఉన్నవాళ్ల భాష తెలుగు.

ఇక్కడ ఒక సంగతి మరిచిపోరాదు. మఠం రాకముందే దేవుడున్నాడు. ఎఱ్ఱన రాసింది పద్నాలుగో శతాబ్దంలో. అంతకు చాలా ముందు తిరుమంగై ఆళ్వారు ఈ కొండను తమిళంలో పాడాడు. శింగవేళ్‌కుండ్రం అని వారు పిలిచే ఈ చోటు నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి. ఆ పాశురాల్లో కనిపించే అహోబిలం రమ్యమైన తపోవనం కాదు. ఎండకు కాలిన రాళ్లు, నిప్పు, క్రూరమృగాలు, విల్లులు పట్టిన వేటగాళ్లు: దేవతలకు తప్ప ఇతరులకు చేరరాని చోటు అంటాడు ఆళ్వారు. ఆ వేటగాళ్లు మాత్రం చేరనక్కరలేదు. వాళ్లు అక్కడే ఉన్నారు! 'ఎవరూ చేరలేని చోటు' అన్న మాటలోనే 'ఎవరు' అన్న లెక్కలోకి ఎవరు వస్తారో, ఎవరు రారో తేలిపోయింది. భక్తికవి ఉద్దేశపూర్వకంగా చేశాడని నేననను. భాషలో వర్గదృష్టి అలాగే పనిచేస్తుంది, తెలియకుండానే.

మఠం నిలదొక్కుకున్న కాలం విజయనగర కాలం. అప్పటి తెలుగు నాయకులకు కొత్త ప్రాంతాలు కావాలి, అడవి కొట్టి చెరువు తవ్వి సాగు పెంచాలి, ఆ పెంపుకు ఒక ధర్మబలం కావాలి. మఠాలకు గ్రామాలు కావాలి. ఇద్దరి అవసరాలూ గుడి దగ్గర కలిశాయి. రాజు, మఠాధిపతి, దేవాలయం ఈ మూడింటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాల మీద అర్జున్ అప్పాదురై 1977లో రాసిన వ్యాసం మన వాళ్లు చదవదగ్గది. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో 1515లో అహోబిలం వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్టు ఇక్కడి శాసనం చెబుతుంది. 1579లో గోల్కొండ సేన గుడిని దోచింది. ఆ సేనను నడిపింది మురహరిరావు అనే మరాఠా బ్రాహ్మణుడు. దీన్ని రెండు మతాల మధ్య యుద్ధంగా చెప్పుకునేవాళ్లు ఆ పేరు దగ్గర గొంతు తగ్గిస్తారు. కొన్నేళ్లకు విజయనగర పక్షపు కొండరాజులు ఆ చోటును తిరిగి గెలిచి జియ్యరుకు అప్పగించారు. శాసనం వేయించేది ఇచ్చేవాడు గాని పుచ్చుకునేవాడు గాని. ఇవ్వడానికి మాన్యం లేక, పుచ్చుకోవడానికి మఠం లేక, ఇప్పపువ్వు ఏరుకుని, తేనె తీసి, దుంపలు తవ్వుకుని బతికేవాడికి రాతి మీద చోటు ఎలా దొరుకుతుంది?

చెంచుకు చోటు దొరికింది కథలో. అదీ పెళ్లి కథలో.

మఠం ఏడవ పీఠాధిపతి సంస్కృతంలో 'వాసంతికాపరిణయం' అనే నాటకం రాశాడు. అహోబిల నరసింహుడు అడవిలో వాసంతికను చూసి వలచి పెళ్లాడడం కథ. సన్న్యాసి, మఠాధిపతి, తన దేవుడి ప్రేమకథ రాయడం నాకెప్పుడూ ముచ్చటగానే తోస్తుంది. కాని సంస్కృత నాటక మర్యాద ఒకటుంది. రాజులు, దేవతలు సంస్కృతంలో మాట్లాడాలి, స్త్రీలు ప్రాకృతంలో మాట్లాడాలి. ఆ మర్యాద ప్రకారం కొండపిల్లకు దక్కేది ఆమె పుట్టి పెరిగిన భాషా కాదు, పెళ్లికొడుకు భాషా కాదు. మూడో భాష!

మన యక్షగానం ఆమెను తెలుగులోకి తెచ్చింది. ఓబయమంత్రి 'గరుడాచలము' మొదలుకొని వీథుల్లో ఆడిన చెంచునాటకాల దాకా, ఆదిలక్ష్మికీ చెంచులక్ష్మికీ మధ్య జరిగే సవతుల కయ్యం జనానికి ప్రాణం. ఆ కయ్యంలో కులం పేరెత్తి తిట్టుకుంటారు, కూడు పేరెత్తి తిట్టుకుంటారు. చెంచెత ఎక్కడా తగ్గదు. మఠం నాటకం కంటె వీథినాటకం ఎన్నో రెట్లు వాస్తవానికి దగ్గర. సినిమా వచ్చేసరికి మళ్లీ వెనక్కు పోయాం. 1943లో ఒక 'చెంచులక్ష్మి', 1958లో బి.ఏ. సుబ్బారావు గారి దర్శకత్వంలో మరొకటి. రెండో దాంట్లో నాగేశ్వరరావు, అంజలీదేవి. పాటలు నాకూ ఇష్టమే. అయితే అక్కడ అడవి ఒక అలంకారం మాత్రమే. అందులో ఎవరికీ ఆకలి వేయదు.

ఈ పెళ్లి కథను ఎలా అర్థం చేసుకోవాలి? కోశాంబి దారి చూపాడు. స్థానిక జాతుల దేవతలను పెద్ద దేవుళ్లకిచ్చి పెళ్లి చేయడం ద్వారా రెండు సమాజాలు ఒక వ్యవస్థలోకి వచ్చాయని ఆయన మహారాష్ట్ర ఉదాహరణలతో వివరించాడు. జేజూరి ఖండోబాకు మ్హాళసా ఉండగానే ధనగర్ల పిల్ల బాణాయి రెండో భార్య. తమిళ దేశంలో మురుగనుకు దేవసేన ఉండగానే వేటగాళ్ల వల్లి. ఇదే నల్లమలకు ఇంకో కొసన శ్రీశైలంలో శివుడు చెంచు మల్లయ్య అయ్యాడు, చెంచులకు అల్లుడయ్యాడు. శైవులు చేసినా వైష్ణవులు చేసినా పని ఒకటే. అన్నిచోట్లా పెద్ద భార్య పై కులం, చిన్న భార్య అడవి. భూస్వామ్య కుటుంబంలో చిన్నిల్లు ఎలాంటిదో దేవుడి సంసారంలోనూ అలాంటిదే.

ఇంతవరకు మన మిత్రులు చాలామంది ఒప్పుకుంటారు. ఒక అడుగు ముందుకు వేసి, 'ఇదంతా పురోహితవర్గం పన్నిన కుట్ర' అని తేల్చేస్తారు. అక్కడ నేను వాళ్లతో రాలేను. కుట్ర అయితే అది ఆరు వందల ఏళ్లు ఒకే పక్షం నుంచి నడవదు. అవతలి పక్షానికీ ఇందులో ఏదో దక్కి ఉండాలి.

ఏం దక్కిందో చూడాలంటే పారువేటకు రావాలి. సంక్రాంతి పండుగల్లో కనుమనాడు దిగువ అహోబిలం నుంచి ఉత్సవమూర్తులు పల్లకిలో బయలుదేరతారు. దాదాపు నలభై రోజులు ఆళ్లగడ్డ, రుద్రవరం పక్క ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతారు. ప్రతి ఊళ్లోనూ పల్లకి దించడానికి ఒక చోటు, ఒక వంతు, ఒక మర్యాద ఉన్నాయి. స్వామి ఎందుకు తిరుగుతున్నాడు? ఫాల్గుణంలో తన పెళ్లికి జనాన్ని పిలవడానికి. దేవుడే గడపగడపకూ వచ్చి శుభలేఖ ఇస్తున్నాడన్నమాట. ఆ యాత్ర మొదట్లో చెంచులు విల్లులు ఎత్తి పల్లకి వైపు బాణం వేస్తారు.

నేను మొదటిసారి ఆ బాణం చూసినప్పుడు భక్తిగా చూశాను, చాలామంది లాగే. స్వామికి నమస్కారబాణం అని పక్కనున్నాయన చెప్పాడు. తర్వాత తర్వాత ఆలోచిస్తే, నమస్కారం పెట్టడానికి చేతులున్నాయి గదా, విల్లెందుకు అనిపించింది. మా అడవిలోకి వచ్చినవాణ్ణి ముందు ఆపి, ఎవరని అడిగి, ఆ తర్వాత అల్లుడిగా ఒప్పుకున్నాం అన్న జ్ఞాపకం అందులో ఉందని నా నమ్మకం. మఠం ఆ బాణాన్ని మాన్పించలేదు. క్రతువులో దానికి చోటిచ్చింది. దిగువ గుడి మంటప స్తంభాల మీద నరసింహుడు చెంచెతను అనునయించే శిల్పం ఉంది. హిరణ్యకశిపుడి పొట్ట చీల్చిన ఉగ్రమూర్తి ఆ పిల్ల ముందు బతిమాలే మొగంతో నిలబడ్డాడు. ఆ శిల్పి ఏ పక్షమో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు వార్షికోత్సవానికి చెంచులక్ష్మి నాటిక వేయించాను. తొమ్మిదో తరగతిలో ఒక చెంచుపిల్ల ఉండేది. హాస్టల్లో ఉండి చదువుకునేది. చెంచులక్ష్మి వేషానికి ఆ పిల్ల పేరు నా మనసులోకి రానైనా రాలేదు. పద్యం బాగా చదువుతుందని, ఉచ్చారణ శుద్ధంగా ఉంటుందని ఊళ్లో ఒక వ్యాపారస్తుల అమ్మాయిని ఎంపిక చేశాను. ఈకల కిరీటం, పులిచర్మం గుడ్డ, వెదురు విల్లు ఆళ్లగడ్డలో తయారు చేయించాం. చెంచుపిల్ల ప్రేక్షకుల్లో నాలుగో వరుసలో కూర్చుంది.

మరునాడు తరగతిలో నాటిక ఎట్లుందని అందరినీ అడిగాను. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. లేపి అడిగితే, "ఆయప్ప మాకు బావ గదా సార్. బావకు ఎవురన్నా కాళ్లకు మొక్కుతారా?" అంది.

నాటికలో చెంచులక్ష్మి నరసింహుడి పాదాలకు మొక్కే ఘట్టం నేను రాసిందే. ఏ పుస్తకంలోనూ చూసి రాయలేదు, నా బుద్ధిలోంచి వచ్చింది. ఎం.ఏ.లో యక్షగాన వికాసం ప్రత్యేకాంశంగా చదివినవాణ్ణి, అభ్యుదయ సాహిత్యం మీద సభల్లో మాట్లాడేవాణ్ణి. మఠాధిపతి నాటకంలో ఆమెకు మాట లేదని విమర్శించే నేను, ఆమెకు మాట ఉన్న చోట కూడా మొక్కించాను. ఆ పిల్లకు మాత్రం ఓబులేసు బావ. మేళమాడవచ్చు, అలగవచ్చు, దారి అడ్డగించి కట్నం అడగవచ్చు. వరస అంటే అది.

అప్పుడు నాకు తట్టింది, మన కథలన్నీ తలకిందులుగా చెబుతున్నామని. ఆ పిల్లను 'బయటి పిల్ల'గా, దేవుడి ఇంట అడుగుపెట్టిన కొత్త కోడలుగా చూడడం మనకు అలవాటైపోయింది. చరిత్రలో జరిగింది వేరు. ఆమె తన ఇంట్లోనే ఉంది. బయటినుంచి వచ్చిన కుర్రవాడు శ్రీనివాసాచార్యులు. కొత్తచోట, తెలియని అడవిలో, తన వాళ్లెవరూ లేని కొండ మీద అడుగుపెట్టింది అతను. అతని తర్వాత వచ్చిన సమాజం పెద్దదై, శాసనాలు వేయించి, నాటకాలు రాసి, ఇంటివాళ్లను అతిథులుగా మార్చింది.

ఈ మార్పు పాతకాలంతో ఆగిపోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో నల్లమల రిజర్వు అడవి అయింది. అడవిలో పుట్టినవాడు అడవిలోకి రావడానికి అనుమతి కావలసివచ్చింది. ఆ తర్వాత పులుల అభయారణ్యం వచ్చింది. 2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అహోబిలం గుడి మఠంలో అంతర్భాగమని, ప్రభుత్వం అక్కడ కార్యనిర్వహణాధికారిని నియమించరాదని తీర్పు చెప్పింది. మఠం తమిళనాడులో ఉంది, గుడి ఆంధ్రలో ఉంది అన్నది అందులో ఒక వాదం. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. న్యాయం మాట నేను ఎత్తను, చట్టం చదివినవాణ్ణి కాను. ఆ వ్యాజ్యం వార్తలు పత్రికలో చదివినన్నాళ్లూ నాకు నవ్వు వచ్చింది, కొంచెం బాధ కూడా. గుడి ఎవరిది అన్న తగాదాలో పక్షాలు రెండే: ప్రభుత్వం, మఠం. పెళ్లికూతురి వైపువాళ్లను ఎవరూ పిలవలేదు.

మన అభ్యుదయ రచయితలు చారిత్రక నవలను రాజుల అంతఃపురాల్లోంచి బయటికి తెచ్చినవాళ్లే. తెన్నేటి సూరి గారి 'చంఘిజ్ ఖాన్'లో సంచారజాతి బతుకు వాసన ఉంది. మహీధర రామమోహనరావు గారి 'కొల్లాయి గట్టితేనేమి?' ఒక బ్రాహ్మణ యువకుడు తన సమాజం గడప దాటే కథ. సాహు, అల్లం రాజయ్య 1983లో 'కొమురం భీం' రాశారు. కేశవరెడ్డి గారి 'చివరి గుడిసె'లో యానాదులు ఉన్నారు. ఇవి ఉండగా అహోబిలం నవల రాయడం కష్టం కారాదు.

కష్టం మరోచోట ఉంది. చెంచుపిల్లను నాయికగా పెట్టినంత మాత్రాన దృష్టి మారదు. ఆమెను అమాయకురాలిగా, ప్రకృతికన్యగా రాస్తే అది వాసంతికాపరిణయానికి వచన అనువాదమే అవుతుంది. జియ్యరును దుర్మార్గుడిగా రాస్తే అదీ అబద్ధమే. ఇరవై ఏళ్లకు ఇల్లు వదిలి, నిప్పులాంటి రాళ్ల మీద నడిచి వచ్చినవాడిలో స్వార్థం తప్ప ఏమీ లేదంటే నేను నమ్మను. రామానుజుల సంప్రదాయంలో ఆళ్వారుల తమిళానికి వేదంతో సమానంగా గౌరవం ఉంది. నిమ్నకులంలో పుట్టిన తిరుప్పాణాళ్వారుకు అక్కడ పూజ ఉంది. ఆ సంప్రదాయపు మంచి, దాని హద్దు, రెండూ ఆ కుర్రవాడిలో పెనుగులాడాలి. దాతలు పెరిగినకొద్దీ, గ్రామాలు చేరినకొద్దీ ఆ మంచి ఎలా సన్నగిల్లిందో చూపించాలి. హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల పుస్తకం తిండి, గుడిసె, పెళ్లి, చావు ఎలా ఉంటాయో చెప్పగలదు గాని మేళమాడే గొంతు ఇవ్వలేదు. ఆ గొంతు కోసం హాస్టల్లో నాలుగో వరుసలో కూర్చున్న పిల్ల దగ్గరికి పోవాలి.

ఆ పిల్ల పదో తరగతి పూర్తి చేయలేదు. సంక్రాంతి సెలవులకు పారువేట చూడడానికి గూడేనికి పోయి తిరిగి రాలేదు. నేను రెండుసార్లు కబురు పంపాను. స్వయంగా పోలేదు. అది కూడా చెప్పవలసిందే.

నవల నేను రాయలేను, నాకు ఆ శక్తి లేదు. కాని ఎవరైనా రాస్తామంటే మొదటి ప్రకరణం గురించి ఒక మాట చెబుతాను. అహోబిలం వైభవంతో ఎత్తుకోవద్దు, కలలో కనిపించిన స్వామితోనూ ఎత్తుకోవద్దు. ఎండాకాలం, మధ్యాహ్నం. భవనాశి వాగు దగ్గర ఒక చెంచుపిల్ల కుండ ముంచుతోంది. పాదాలు పగిలిన ఒక కుర్రవాడు అటు దిగి వచ్చాడు. అతను పుట్టింది కన్నడ దేశంలో, ఇంట్లో మాట్లాడేది తమిళం, చదివింది సంస్కృతం. ఆ పిల్లకు తెలిసింది తెలుగు. అతనికి దాహంగా ఉంది. రాసేవాడు ముందు తేల్చుకోవలసింది, అతను ఆమెను నీళ్లు ఏ భాషలో అడిగాడన్నది.